రెండు పుట్టినరోజుల పిల్లవాడు

పిల్లలు డిటెక్టివ్ కథ చెప్పమని వెంటపడినప్పుడు నేను చెప్పే కథ ఒకటుంది. ఇందులో హత్య లేదు, దొంగనోట్లు లేవు, అర్ధరాత్రి కిటికీలో కదిలే నీడ అంతకన్నా లేదు. ఉన్నదల్లా ఒక పిల్లల ఆటజట్టు, ఒక పాత రిజిస్టరు, అందులో రెండు ఎంట్రీలు. అయినా చివరిదాకా నోరెత్తకుండా వింటారు. ఎందుకంటే ఇది కల్పన కాదు. 2001లో అమెరికాలో నిజంగా జరిగింది. ముప్ఫై ఏళ్ళుగా బ్యాంకులో కూర్చుని ఊరివాళ్ళందరి పుట్టినతేదీ కాగితాలూ తిరగేసిన నాలాంటివాడికి ఇంతకన్నా పసందైన కథ మరొకటి కనబడదు.

ముందుగా ఆట గురించి రెండు ముక్కలు. బేస్‌బాల్‌ను క్రికెట్‌కు దూరపు చుట్టం అనుకోండి. మన బిళ్ళంగోడుకు కూడా ఏదో బాదరాయణ సంబంధం కలపవచ్చు. పిచర్ అనేవాడు బంతిని నేలకు తగలకుండా నేరుగా విసురుతాడు. బ్యాటు పట్టినవాడు మూడు మంచి బంతులు వదిలేసినా, కొట్టబోయి తప్పినా అవుటు. దాన్ని స్ట్రయికవుట్ అంటారు. బంతిని కొట్టగలిగితే చదరంగా వేసిన నాలుగు మూలలూ చుట్టి రావాలి. అది ఒక పరుగు. అంతవరకు తెలిస్తే మన కథకు చాలు.

ఈ ఆటను పిల్లల కొలతలకు కుదించి 1939లో పెన్సిల్వేనియా రాష్ట్రంలోని విలియమ్స్‌పోర్ట్ అనే ఊళ్ళో కార్ల్ స్టాట్జ్ అనే ఆయన లిటిల్ లీగ్ ప్రారంభించాడు. పెద్దవాళ్ళ ఆటలో పిచర్‌కూ బ్యాటర్‌కూ మధ్య దూరం అరవై అడుగుల ఆరంగుళాలు. పిల్లలకు 46 అడుగులే. మూలకూ మూలకూ మధ్య పెద్దలకు 90 అడుగులైతే పిల్లలకు 60. పెద్దలకు తొమ్మిది ఇన్నింగ్స్, పిల్లలకు ఆరు. ఆ ఊరి మైదానంలోనే 1947లో పెద్ద పోటీ మొదలై, క్రమంగా లిటిల్ లీగ్ వరల్డ్ సిరీస్‌గా పేరు పొందింది. జపాను, మెక్సికో, తైవాన్ వంటి దేశాల పిల్లలు కూడా వచ్చి ఆడతారు. మైదానం పక్కనున్న పచ్చిక గుట్ట మీదినుంచి చిన్నపిల్లలు అట్టముక్కల మీద కూర్చుని జారుతూ ఉంటారు. టిక్కెట్టు లేదు. మన ఊరి తీర్థంలాంటిదే అనుకోండి, కాకపోతే టీవీలో దేశమంతా చూస్తుంది.

ఈ కొలతలన్నీ పన్నెండేళ్ళ పిల్లవాణ్ణి దృష్టిలో పెట్టుకుని వేసినవి. అందుకే వయసు నిబంధన గట్టిగా ఉండేది. 2001లో ఉన్న నియమం ప్రకారం జులై 31 నాటికి పదమూడో ఏడు నిండి ఉండకూడదు.

ఆ ఏడాది న్యూయార్క్ నగరంలోని బ్రాంక్స్ నుంచి ఒక జట్టు వచ్చింది. దాన్ని నడిపే రోలాండో పౌలీనో పేరే జట్టుకూ పెట్టారు. బ్రాంక్స్ అంటే న్యూయార్క్ యాంకీస్ జట్టు సొంత పేట. వలసవచ్చినవాళ్ళు, చాలీచాలని జీతాలవాళ్ళు ఎక్కువ. ఈ పిల్లలకు పత్రికలవాళ్ళు ముద్దుగా 'బేబీ బాంబర్స్' అని పేరు పెట్టారు. జట్టులో డానీ అల్మాంటే అనే ఎడమచేతివాటం పిచర్ ఒకడున్నాడు. కరీబియన్ సముద్రంలోని డొమినికన్ రిపబ్లిక్ నుంచి వచ్చాడు, స్పానిష్ తప్ప ఇంగ్లీషు దాదాపు రాదు. పొడుగరి. చెయ్యి ఎత్తి విసిరాడంటే బంతి గంటకు డెబ్బై మైళ్ళు దాటేది.

డెబ్బై మైళ్ళేనా అనుకోకండి. లెక్క వేసి చూద్దాం. దూరం 46 అడుగులే కనక ఆ బంతి అర సెకను కూడా పట్టకుండా బ్యాటర్‌ను చేరుతుంది. పెద్దల మైదానంలో ఇంతే సమయంలో చేరాలంటే గంటకు తొంభై మైళ్ళు పైన విసరాలి. అంటే జీతం తీసుకుని ఆడే పెద్ద ఆటగాడి బంతిని పన్నెండేళ్ళ పిల్లలు ఎదుర్కోవలసి వచ్చింది.

వరల్డ్ సిరీస్‌లో మొదటి రోజుల్లోనే ఫ్లోరిడా నుంచి వచ్చిన అపోప్కా జట్టు మీద డానీ 'పర్‌ఫెక్ట్ గేమ్' విసిరాడు. ఆరు ఇన్నింగ్స్‌కు పద్దెనిమిది మంది వచ్చారు, పద్దెనిమిది మందీ మొదటి మూల కూడా చేరకుండా వెనక్కి వెళ్ళారు. వారిలో పదహారు మంది స్ట్రయికవుట్! 1957లో మెక్సికోలోని మాంటెర్రే జట్టుకు ఆడిన ఆంజెల్ మాసియాస్ ఫైనల్లో ఇలాంటిది సాధిస్తే ఆ పేరు ఈనాటికీ చెప్పుకుంటారు. ఆ వరుసలోకి డానీ చేరాడు. ఆరడుగుల పది అంగుళాల రాండీ జాన్సన్ అనే ప్రసిద్ధ పిచర్‌ను 'బిగ్ యూనిట్' అనేవారు. ఈ కుర్రాడు 'లిటిల్ యూనిట్' అయ్యాడు. దేశమంతా పేరు మోగిపోయింది.

ఇక్కడినుంచి అసలు డిటెక్టివ్ కథ.

అనుమానాలు అంతకుముందే మొదలయ్యాయి. న్యూయార్క్ చుట్టుపక్కల వీళ్ళతో ఆడి ఓడిన జట్ల పెద్దలు కొందరు "వీడు పన్నెండేళ్ళవాడంటే నమ్మం" అన్నారు. అనడంతో ఊరుకోలేదు, సొంత డబ్బు పోసి ప్రైవేటు డిటెక్టివులను పెట్టారు. పన్నెండేళ్ళ పిల్లవాడి మీద డిటెక్టివులా అని మనకు నవ్వు రావచ్చు. కాని వాళ్ళకు గట్టి ఆధారమేదీ దొరకలేదు. లిటిల్ లీగ్ వారి దగ్గర కాగితాలన్నీ సక్రమంగానే ఉన్నాయి. డొమినికన్ ప్రభుత్వ కార్యాలయం ఇచ్చిన జనన ధృవీకరణ పత్రం ఉంది. పుట్టినతేదీ: 1989 ఏప్రిల్ 7. ఆ లెక్కన పన్నెండేళ్ళ నాలుగు నెలలు. నిబంధనకు సరిపోయింది.

ఓడినవాళ్ళు ఏడుస్తున్నారని చాలామంది అనుకున్నారు. పేదపేట పిల్లలు, నల్లపిల్లలు, ఇంగ్లీషు రానివాళ్ళు గెలిస్తే కొందరికి మింగుడుపడదు అన్న మాట కూడా వినిపించింది. ఆ మాటలో అబద్ధం లేదు. అలా మింగుడుపడనివాళ్ళు ఎక్కడైనా ఉంటారు. పరాయి రాష్ట్రంలో పిల్లల్ని పెంచిన మనకు వేరే చెప్పాలా? కాని మంచి డిటెక్టివుకు ఉండవలసిన లక్షణం ఇక్కడే తెలుస్తుంది. ఫిర్యాదు చేసినవాడి మనసులో ఏముందన్నది ఒక ప్రశ్న, ఫిర్యాదు నిజమా కాదా అన్నది వేరే ప్రశ్న. రెండూ కలిపితే దారి తప్పుతాం.

రెండో ప్రశ్నకు జవాబు వెతికినవాళ్ళు స్పోర్ట్స్ ఇలస్ట్రేటెడ్ పత్రిక విలేఖరులు. వాళ్ళు పిల్లవాడి ఎత్తు కొలవలేదు, మీసం మొలిచిందా అని చూడలేదు. డానీ పుట్టిన మోకా పట్టణంలోని జనన రిజిస్టరు దగ్గరికి వెళ్ళారు. అక్కడ ఒక పిల్లవాడికి రెండు ఎంట్రీలు కనబడ్డాయి. 1994 డిసెంబరులో తండ్రి నమోదు చేయించినదాని ప్రకారం డానీ పుట్టింది 1987 ఏప్రిల్ 7. అదే తండ్రి 2000 మార్చిలో మళ్ళీ వెళ్ళి నమోదు చేయించినదాంట్లో 1989 ఏప్రిల్ 7. రోజు అదే, నెల అదే, సంవత్సరం మాత్రం రెండేళ్ళు ముందుకు జరిగింది.

ఇక్కడ నేను కథ ఆపి పిల్లల్ని అడుగుతాను, "రెండింటిలో ఏది నిజం?" అని. ఆ రెండూ ప్రభుత్వ రిజిస్టరులోవే. రెండింటికీ సంతకాలున్నాయి. ఇప్పుడు నువ్వే మేజిస్ట్రేటువి, చెప్పు.

కొందరు ముందుది అంటారు, కొందరు వెనకది అంటారు. ఎందుకని అడిగితే తల గోక్కుంటారు. మా బి.కాం. రోజుల్లో ఆడిటింగ్ మాస్టారు చెప్పిన సూత్రం ఇక్కడ బాగా పనికొస్తుంది. ఖాతా పుస్తకంలో అంకెను చూసి నమ్మవద్దు. ఆ అంకె వెనకున్న వోచరు ఎప్పుడు పుట్టింది, ఎవరు పుట్టించారు, పుట్టించిననాడు వాళ్ళకు దానితో ఏం అవసరం అని చూడమనేవారు. 1994లో డానీకి ఏడేళ్ళు. బ్రాంక్స్ జట్టు ఊసే లేదు. అప్పుడు అబద్ధం రాయించడానికి కారణం కనబడదు. 2000 నాటికి పిల్లవాడి భుజంలో బలం తెలిసిపోయింది, అమెరికా దారి కనబడింది. కోర్టులు కూడా తగాదా పుట్టకముందు పుట్టిన కాగితానికే ఎక్కువ విలువ ఇస్తాయి. కౌంటరు దగ్గర నేను కూడా ఏ సర్టిఫికెట్టయినా తీసుకోగానే పుట్టినతేదీ కంటే ముందు నమోదు తేదీ చూస్తాను. పుట్టిన నెలలోపు నమోదైనదైతే ఒక చూపు, ఇరవై ఏళ్ళ తర్వాత నమోదైనదైతే రెండు చూపులు. లిటిల్ లీగ్ నియమావళిలో కూడా పుట్టిన ముప్ఫై రోజులలోపు నమోదైన పత్రానికి ప్రత్యేకమైన విలువ ఇచ్చారు.

అన్నట్టు, ఆ తండ్రికి మన పద్ధతిలో జాతకం రాయించే అలవాటుంటే ఇంత తేలిగ్గా పని జరిగేది కాదు. 1987 ఏప్రిల్ 7 మంగళవారం, ప్రభవ నామ సంవత్సరం. 1989 ఏప్రిల్ 7 శుక్రవారం. తిథి, వారం, నక్షత్రం, దశాశేషం అన్నీ తిరిగి రాయించుకోవాలి. పంచాంగాన్ని మోసగించడం రిజిస్ట్రారును మోసగించినంత సులువు కాదు.

పత్రికలో వార్త రాగానే తల్లిదండ్రులు కాదు, లేదు అన్నారు. నాలుగు రోజులు అటూ ఇటూ మాటలు నడిచాయి. 2001 ఆగస్టు 31న డొమినికన్ అధికారులు తమ విచారణ ఫలితం ప్రకటించారు. 1987 ఎంట్రీయే సరైనది. అంటే వరల్డ్ సిరీస్ ఆడేనాటికి డానీకి పద్నాలుగేళ్ళు నిండాయి. లిటిల్ లీగ్ వారు ఆ జట్టు గెలిచిన ఆటలన్నీ రద్దు చేశారు, మూడో స్థానం తీసేశారు, పర్‌ఫెక్ట్ గేమ్‌ను రికార్డు పుస్తకం నుంచి కొట్టేశారు. జట్టు పెద్ద పౌలీనోనూ, డానీ తండ్రినీ లిటిల్ లీగ్ నుంచి జీవితాంతం బహిష్కరించారు. పిల్లవాడి మీద మాత్రం తప్పు మోపలేదు. పదకొండు రోజుల తర్వాత సెప్టెంబరు 11 వచ్చింది. న్యూయార్క్‌కు ఇక ఈ సంగతి పట్టలేదు.

పన్నెండుకూ పద్నాలుగుకూ అంత తేడా ఏముంది అని ఎవరైనా అడగవచ్చు. మగపిల్లలకు ఆ రెండేళ్ళే గుర్రప్పరుగు కాలం. అమెరికా లెక్కల్లో పన్నెండేళ్ళ పిల్లవాడి ఎత్తు సగటున 149 సెంటీమీటర్లుంటే పద్నాలుగేళ్ళవాడిది సుమారు 164. అంటే అరడుగు. ఎత్తుతోపాటు చెయ్యి పొడుగవుతుంది, కండ గట్టిపడుతుంది. ఇరవైకీ ఇరవైరెండుకీ మధ్య రెండేళ్ళు లెక్కలోకి రావు, ఇక్కడ మాత్రం ఆటంతా అవే. అపోప్కా పిల్లలు పదహారుసార్లు తలలు వంచుకుని వెనక్కి వెళ్ళింది ఆ రెండేళ్ళ ముందు. విశేషం ఏమిటంటే అదే అపోప్కా జట్టు వారం తిరిగేసరికి అమెరికా ఫైనల్లో అదే బ్రాంక్స్ జట్టును ఓడించింది. పిల్లల చేతులు చెడిపోకుండా ఒక పిచర్ వరుసగా విసరకూడదన్న నిబంధన ఉంది. దానివల్ల ఆ రోజు డానీ విసరలేకపోయాడు. తర్వాత అధ్యక్షుడు బుష్ స్వయంగా వచ్చి చూసిన ప్రపంచ ఫైనల్లో టోక్యో కిటసునా జట్టు చేతిలో అపోప్కా 2-1 తేడాతో ఓడింది.

ఈ కథలో నన్ను ఎక్కువగా బాధపెట్టేది పోయిన రికార్డు కాదు. న్యూయార్క్‌లో ఆ పిల్లవాడు బడికి పోయిన దాఖలా అధికారులకు దొరకలేదు. గుట్టు రట్టయ్యాకే అతన్ని బడిలో వేశారు. బంతి విసరడానికి పనికొచ్చిన పిల్లవాడు చదువుకోవడానికి ఎవరికీ గుర్తు రాలేదు. కాగితం మీద రెండేళ్ళు తగ్గించారు సరే, చదువులో నిజంగా పోయిన కాలాన్ని ఏ రిజిస్టరులో తిరిగి రాయిస్తారు?

ఇది ఒక్క బ్రాంక్స్ కథే అనుకోనక్కరలేదు. 1992లో ఫిలిప్పీన్స్ నుంచి వచ్చిన జాంబోవంగా సిటీ జట్టు ఫైనల్లో కాలిఫోర్నియాలోని లాంగ్ బీచ్‌ను 15-4తో చిత్తు చేసి ప్రపంచ విజేత అయింది. స్వదేశంలో సంబరాలు జరుగుతుండగానే అక్కడి విలేఖరులే కూపీ లాగారు. జట్టులో చాలామంది ఆ ఊరివాళ్ళు కారు, వయసు మీరినవాళ్ళూ ఉన్నారు అని తేలింది. గెలుపు లాంగ్ బీచ్‌కు పోయింది. ఆ నిజం బయటపెట్టిన విలేఖరులను దేశద్రోహులన్నట్టు చూసినవాళ్ళున్నారు. నా దృష్టిలో ఈ మొత్తం వ్యవహారంలో ధైర్యవంతులు వాళ్ళే. ఓడిన ఎదుటివాడు ఫిర్యాదు చేయడం వేరు, గెలిచిన సొంత ఊరివాడు పెదవి విప్పడం వేరు. 2014లో అమెరికా ఛాంపియన్ అయిన చికాగో జట్టు విషయంలో వయసు కాదు, చిరునామా గొడవ. పిల్లలు ఆ పేటవాళ్ళు కారని తేలి 2015 ఫిబ్రవరిలో బిరుదు లాక్కున్నారు. మూడుచోట్లా ఆడింది పిల్లలు, కాగితాలు తయారుచేసింది పెద్దలు.

మన ఇళ్ళ సంగతి కూడా ఒక మాట అనుకోవాలి. బడిలో వేసేటప్పుడు ఏడాదో రెండేళ్ళో తగ్గించి రాయించడం మన తాతల నాటినుంచి వస్తున్న ఆచారం. ఏడాది తగ్గితే ఉద్యోగంలో ఏడాది పెరుగుతుందని లెక్క. అందుకే మన తరంలో సగంమంది జూన్‌లోనో జులైలోనో పుట్టారు, బడులు తెరిచేది అప్పుడే కదా! మనలాంటి వలస కుటుంబాల్లో చిక్కు ఇంకాస్త ఎక్కువ. జాతకం తెలుగులో ఒక తేదీ చెబుతుంది, మునిసిపాలిటీ కాగితం ఒరియాలోనో కన్నడంలోనో తమిళంలోనో మరాఠీలోనో ఇంకో తేదీ చెబుతుంది, బడి సర్టిఫికెట్టు ఇంగ్లీషులో మూడోది. ఇంటిపేరు ముందుంటుందా వెనకుంటుందా అన్నది వేరే రామాయణం.

ఇందులో ఒక తమాషా ఉంది. వయసు తగ్గించుకున్నవాళ్ళే అరవై దాటగానే మా దగ్గరికి వస్తారు. "సార్, కాగితంలో ఏభై ఎనిమిదే గాని నిజానికి నాకు అరవై నిండాయి. వృద్ధులకిచ్చే అర శాతం ఎక్కువ వడ్డీ నాకూ వేసేయండి" అంటారు. ఎవరు అడిగినా ఒకటే జవాబు చెప్పాలి. బ్యాంకుకు మీ ముఖం కాదు, మీ కాగితమే వయసు చెబుతుంది అని. పెద్దాయన చిన్నబుచ్చుకుంటాడు. ఆ కాగితం రాయించింది వారి నాన్నగారు. ఆయన ఏనాడో పోయారు.

క్రికెట్ సంఘాలకూ ఈ తలనొప్పి ఉంది. మన బి.సి.సి.ఐ. వారు పదహారేళ్ళ లోపు పిల్లల పోటీలకు ఎడమ మణికట్టు ఎక్స్-రే తీసి ఎముక పెరుగుదలనుబట్టి వయసు అంచనా వేసే పద్ధతి పెట్టారు. ఎముక కూడా పూర్తిగా నిజం చెప్పదు. కొందరి ఎముకలు తొందరగా ముదురుతాయి, కొందరివి నెమ్మదిగా. కాగితం దొంగ అయినచోట అదొక్కటే దారి కనక ఒప్పుకోవాలి. 2020 ఆగస్టులో వారు ఒక ప్రకటన చేశారు. వయసు తప్పు ఇచ్చామని తమంతట తాము చెప్పుకున్నవాళ్ళను క్షమిస్తామని, దాచిపెట్టి దొరికితే రెండేళ్ళు నిషేధిస్తామని. ఇంట్లో అండర్-14, అండర్-16 ఆడే పిల్లలున్నవాళ్ళు పుట్టినప్పటి మునిసిపల్ సర్టిఫికెట్టు తీసి బడి రికార్డుతో సరిచూసుకోవడం మంచిది. 2023 అక్టోబరు 1 నుంచి పుట్టినవాళ్ళకు బడిలో చేరడానికైనా, పాస్‌పోర్టుకైనా జనన ధృవీకరణ పత్రమే పుట్టినతేదీకి ఆధారమని చట్టం మారింది. ఇరవైఒక్క రోజులలోపు నమోదు చేయిస్తే తగాదా ఉండదు. ఏడాది దాటితే జిల్లా మేజిస్ట్రేటు లేదా సబ్‌డివిజనల్ మేజిస్ట్రేటు ఉత్తర్వు కావాలి.

కథ విన్న పిల్లలు ఆఖరున అడిగేది ఎప్పుడూ ఒకటే: "ఆ అబ్బాయి తర్వాత ఏమయ్యాడు?"

డానీ బ్రాంక్స్‌లోని జేమ్స్ మన్రో హైస్కూల్లో చేరి అక్కడ కూడా పిచర్‌గానే ఆడాడు. 2006లో పెద్ద జట్లవాళ్ళు కొత్త ఆటగాళ్ళను ఎంచుకునేటప్పుడు అతన్ని ఎవరూ తీసుకోలేదు. 2007లో సదరన్ ఇల్లినాయ్ మైనర్స్ అనే చిన్న జట్టుకు ఆడాడు. తర్వాత ఓక్లహోమాలో ఒక కాలేజీలో చేరి అక్కడ కొంతకాలం ఆడాడు. పెద్ద లీగు మెట్టు ఎక్కనే లేదు. ఆపైన బ్రాంక్స్‌కు తిరిగివచ్చి, తాను చదువుకున్న మన్రో హైస్కూల్లోనే పిల్లలకు బంతి విసరడం నేర్పే పని చేశాడు.